పన్నెండు తీగలూ, ఎవరికోసమూ ఆగని ట్రాకూ!

ట్రాకు అంటే సినిమావాళ్ళకి ఒక అర్థం, స్టేజీవాళ్ళకి మరో అర్థం. పెద్ద గాయకుడి డేట్లు దొరికేలోగా ఇంకొకరు పాడి పెట్టేది సినిమావాళ్ళ ట్రాకు. పాటలోంచి గొంతు తీసేసి వాద్యాలన్నీ వుంచేసింది స్టేజీవాళ్ళ ట్రాకు. ఈ వారం మన కబుర్లు ఈ రెండోదాని గురించి. దానికి తోడు మీ ఒళ్ళో పన్నెండు తీగల గిటారు వుందనుకోండి, ఇక చూస్కోండి తమాషా!

నాకీ పిచ్చి పట్టి నాలుగేళ్ళు. పగలు వార్తల వేటలో తిరగడం, రాత్రి భోజనాలయ్యాక చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి ఫోన్లో ట్రాకు పెట్టడం. పక్కవాటా వారికి వినబడేది గిటారు ఒక్కటే. ముప్పావుగంట ఓపిగ్గా విని, "ఇంతకీ పాట ఎప్పుడు మొదలెడతావు బాబూ?" అని అడిగారు ఆ ఇంటి పెద్దాయన. అంతసేపూ జరిగింది శ్రుతి చేసుకోవడమే మరి!

ఎందుకంటారా? పన్నెండు తీగలంటే పన్నెండు స్వరాలు కావు, ఆరు జతలు. సన్నని రెండు జతల్లో రెండు తీగలూ ఒకే స్వరం పలుకుతాయి. మిగిలిన నాలుగు జతల్లో ఒకటి అసలు స్వరం, రెండోది దాని పైస్థాయి. జతలో ఒక తీగ సెకనుకి 440 సార్లూ, దాని జోడు 441 సార్లూ కంపిస్తే, సెకనుకోసారి నాదం వుబ్బి తగ్గుతుంది. ఆ రవ్వంత తేడాలోనే వుంది దాని మెరుపు. తేడా కాస్త పెరిగిందా, కాకిగోలే!

మాండొలిన్‌దీ జతల సంసారమే. నాలుగు జతలు, ఎనిమిది తీగలు. మన పాలకొల్లు బిడ్డ, మాండొలిన్ శ్రీనివాస్ (1969-2014) ఆ జతలు వద్దనుకుని అయిదు విడి తీగలు పెట్టుకున్నారు. ఒక తీగని లాగి గమకం పలికించడం వేరు, రెండింటిని సమానంగా లాగడం వేరు కదా! అందుకే పన్నెండు తీగలమీద గమకాల జోలికి పోకుండా, కార్డు మీటి మోగనివ్వడమే మర్యాద.

ఇంకో తిరకాసు. ఇన్ని తీగలు కలిసి లాగుతుంటే గిటారు మెడకి భారం. కనుక చాలామంది రెండు మెట్లు కిందికి శ్రుతి చేసి, రెండో మెట్టు మీద కేపో అనే క్లిప్పు బిగిస్తారు. దాంతో మామూలు శ్రుతికే వస్తుంది. అయితే టేపుల కాలపు పాటలు కొన్ని అటూ ఇటూ కాని శ్రుతిలో వుంటాయి. వాటితో వాయించాలంటే ట్యూనరు మాట పక్కనపెట్టి పాటనే వినాలి. ట్రాకు మన దగ్గరికి రాదు, మనమే దాని దగ్గరికి పోవాలి.

సినిమా పత్రిక కదా, సినిమా ముచ్చట లేకపోతే ఎలా? 1964లో వచ్చిన బీటిల్స్ సినిమా 'ఎ హార్డ్ డేస్ నైట్'లో జార్జి హారిసన్ చేతిలోని పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ చూసి, అమెరికాలో రోజర్ మెగ్విన్ అలాంటిదే కొనుక్కున్నాడు. 1965లో బర్డ్స్ బృందం 'మిస్టర్ టాంబరీన్ మాన్' రికార్డు చేసినప్పుడు, ఆ అయిదుగురిలో వాద్యం పట్టింది అతనొక్కడే! మిగతా వాద్యాలు స్టూడియో కళాకారులవి.

పింక్ ఫ్లాయిడ్ వారి 'విష్ యూ వర్ హియర్' (1975) మరీ విచిత్రం. మొదట పన్నెండు తీగల గిటారు రేడియోలోంచి వస్తున్నట్టు పీలగా వినిపిస్తుంది. కాసేపటికి మరో గిటారు, పక్కనే కూర్చుని రేడియోతో కలిసి వాయిస్తున్నట్టుగా, నిండుగా అందుకుంటుంది. రెండూ డేవిడ్ గిల్మోర్‌వే. గదిలో ఒంటరిగా ట్రాకుతో వాయించుకునే మాలాంటివాళ్ళ కథే అది!

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ట్రాకు మంచి మాస్టారు. తాళం విషయంలో మొహమాటం లేదు. తొందరపడితే వెంటనే తెలిసిపోతుంది. ట్రాకులో కీబోర్డూ వయొలిన్లూ నిండుగా వున్నప్పుడు మన పన్నెండు తీగలూ టకటకా మోగిస్తే అంతా గందరగోళం. ఆవృత్తం మొదట్లో ఒక్కసారి మీటి వూరుకుంటే, పాటకే అందం వస్తుంది. తగ్గి వాయించడం నాకు నేర్పింది ట్రాకే.

కానీ ఆ మాస్టారికి చెవులు లేవు! ఆ మధ్య ఒక పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్ళాను. ఒకప్పుడు పదిమంది కూర్చునే స్టేజీ మీద ఇద్దరు గాయకులూ, ఒక గిటారిస్టూ, ఒక లాప్‌టాపూ. ఆ అమ్మాయి చరణం నాలుగు మాత్రలు ముందే ఎత్తుకుంది. ట్రాకు తన దోవన తాను పోతోంది. మనిషి తబలా వాయిస్తుంటే కళ్ళతోనే సైగ చేసి సర్దేవాడు. గిటారిస్టు చెయ్యి ఆపాడు. తరువాతి పాదం రాబోతుండగా దాని మొదటి స్వరం ఒక్కటే గట్టిగా మీటి, ఆమెకేసి తలూపాడు. ఆమె అందుకుంది. భోజనాల దగ్గరున్నవాళ్ళు తలెత్తనైనా లేదు.

కిందికి దిగాక పలకరిస్తే, "తబలా ఆయన ఇంట్లోనే వున్నాడు సార్, పిలిచేవాళ్ళే లేరు" అన్నాడతను.

డబ్బు లెక్క నాకూ తెలుసు. పదిమందికి ఇచ్చుకోలేక ట్రాకు పెట్టుకునేవారిని నిందించలేం. కానీ ఈసారి మీ ఇంట శుభకార్యానికి ఆర్కెస్ట్రా మాట్లాడేటప్పుడు, "తబలా వస్తుందా?" అని ఒక్క మాట అడిగి చూడండి. అడిగేవాళ్ళుంటేనే కదా తెచ్చేవాళ్ళుంటారు!

ఇక మాలాంటి గది విద్వాంసులకి నా సలహా. వారమంతా ట్రాకుతో సాధన చెయ్యండి. ఆదివారం మాత్రం ఫోను పక్కన పడేసి, డోలకో తబలానో తెలిసిన మిత్రుణ్ణి పిలవండి. కాఫీ ఖర్చు మీదే సుమా!