తాళపుచెవుల కావలి

మన్సూరాబాదులో నిన్నమొన్నటి పొలములు నేఁడు కాలనీలైనవి. దస్తావేజు నకలు, బ్యాంకు ఖాతా, ఆస్తిపన్ను రసీదు అన్నియుఁ జేతిలోని ఫోనులో నిమిడియున్నవి. ఇనుపపెట్టె తాళపుచెవిని మొలత్రాటికిఁ గట్టుకొని తిరిగిన తాతల మనుమలు, ఈ క్రొత్త పెట్టె తాళపుచెవి యెచ్చట నున్నదో విచారించుట లేదు. ఫోనులోని సమస్త వ్యవహారమును నడుపు మూలకార్యక్రమమునకు కెర్నెల్ అని పేరు. దాచిన సమాచారమును విప్పు రహస్య సంఖ్యలే తాళపుచెవులు. వానిలో ముఖ్యమైనవి కొన్నిఁటిని గుత్తులుగాఁ గట్టి కాపాడునది యీ కెర్నెలే.

ఆ కావలివాఁడే యేమఱిన వృత్తాంత మొకటి కలదు. ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారమైన లినక్స్ కెర్నెల్, ఒక్కొక్క గుత్తిని ఎందఱు వాడుచున్నారో లెక్క వ్రాసికొనును. లెక్క సున్నకు వచ్చినచో, గుత్తితోఁ బని తీఱినదని తలంచి దాని స్థలమును పరుల కిచ్చివేయును. 2013లో వెలువడిన 3.8వ కూర్పు మొదలు, తనయొద్దనున్న గుత్తినే మరలఁ గోరినపుడు లెక్కను పెంచుటయేగాని తగ్గించుట జరుగలేదు. 429 కోట్లకుఁ బైగా కోరినచో, నిండిన మీటరు మొదటికిఁ దిరిగినట్లు లెక్క సున్న యగును. గుత్తి యింకను వాడుకలో నుండఁగనే స్థలము చేయిజాఱును. అచ్చటఁ దనకుఁ గావలసినది వ్రాసికొని, లోనఁ జొరఁబడిన చిన్న కార్యక్రమము సర్వాధికారి కావచ్చును! పర్సెప్షన్ పాయింట్ అను సంస్థ 2016 జనవరిలో దీనిని బయటపెట్టినది. వారి ప్రయోగమున నిందుకు సుమారు అరగంట పట్టినది. మూలగ్రంథము లోకమున కెల్ల తెఱచియున్నను మూఁడేండ్ల కొకరు చూచిరి; దిద్దుబాటు మాత్ర మొక్క పంక్తి.

2017లో, నిండిన లెక్క సున్నకుఁ దిరుగక నిండియే నిలుచునట్టి క్రొత్త పద్ధతి వచ్చినది. ఒక తప్పును దిద్దుటకంటె ఇది మేలు. ఆ జాతి తప్పులకే ద్వారము మూసినది. మూలపు తాళపుచెవిని వేఱొక చిప్పులో భద్రపఱచు మార్గము 2011 నుండియే లినక్సులోఁ గలదు.

అయిన నేమి? గూగుల్ సంస్థ 2016 మార్చి భద్రతా కూర్పునకు ఆ దిద్దుబాటును తప్పనిసరి చేసినది. ఆ కూర్పే యందని పాత ఫోనుకు దానివలన లాభమేమి? బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుండి, భద్రతా కూర్పులను ఎంతకాల మిత్తురో తయారీదారులు ప్రకటింపవలసియున్నది. మందుసీసాపై వలె ఫోను పెట్టెపై నా గడువును ముద్రింపవలెనని మన ప్రభుత్వమును శాసించుట యుక్తము. అంతవఱకు దిల్‌సుఖ్‌నగరు అంగళ్లలో ఫోను కొనువారు ధరతోపాటు ఆ తేదీని గూడ నడిగి, చెప్పలేని సరకును వదలివచ్చుట మంచిది.