కాపీ కొట్టించేది స్వభావమేనా?

2016 జులైలో జరిగిన తెలంగాణ ఎంసెట్‌-2 ప్రశ్నపత్రం లీకైంది. డాక్టరు సీటు కోసం లక్షలు పోసిన కుటుంబాల పిల్లలను దూరపు నగరాలకు తీసుకెళ్లి, ముందే ప్రశ్నలు బట్టీ పట్టించారని సీఐడీ తేల్చింది. పరీక్ష రద్దయింది. కష్టపడి చదివిన పిల్లలూ సెప్టెంబరు 11న మళ్లీ రాయాల్సి వచ్చింది.

ఇలాంటివి బయటపడగానే పిల్లల బుద్ధిని తిట్టిపోస్తాం. బుద్ధికి పాత్ర ఉంది. పాత అధ్యయనాలను గుదిగుచ్చి చూసిన పరిశోధకులు గిలుక్, పోస్ట్‌లెత్‌వెయిట్ 2015లో చెప్పింది అదే: పనిమీద శ్రద్ధ, బాధ్యత ఉన్న విద్యార్థులు మోసానికి తక్కువగా మొగ్గుతారు. జాలి, పశ్చాత్తాపం లేని స్వభావానికీ కాపీకీ గట్టి సంబంధం ఉందని విలియమ్స్, నాథన్సన్, పౌలస్ 2010లో చూపారు. కానీ 1928లోనే హార్ట్‌షోర్న్, మే అనే పరిశోధకులు వేలమంది పిల్లలను పరీక్షించి, ఒకచోట నిజాయతీగా ఉన్న పిల్లవాడే మరోచోట మోసం చేస్తాడని గమనించారు. అమెరికాలో 31 విద్యాసంస్థల్లో 6,000 మందికి పైగా విద్యార్థులను అడిగిన మెకేబ్, ట్రెవినో 1993లో ఇంకో మాట చెప్పారు: చుట్టూ ఉన్న తోటివాళ్లు ఏం చేస్తున్నారన్నదే అన్నిటికన్నా బలమైన కారణం.

మన హైటెక్ సిటీ దారిలో జరుగుతున్నది ఇదే. బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కోవచ్చు. ఆ తర్వాత ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటరు, ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి ప్రాక్సీ. కల్పిత కంపెనీల పేరుతో అనుభవ పత్రాలు పెట్టినవారిని తొలగించామని 2022 నవంబరులో యాక్సెంచర్ ప్రకటించింది. వాళ్లందరూ పుట్టుకతోనే జాలి లేనివాళ్లని నేను నమ్మను. "అందరూ పెట్టిందే కదా, నువ్వొక్కడివే ఎందుకు వెనకబడతావ్?" అన్న సీనియర్ మాట చాలు, మంచి పిల్లవాడు జారిపోవడానికి.

నాకు బాధ కలిగించేది ప్రాజెక్టు సొంతంగా చేసిన అమ్మాయి పరిస్థితి. రాత్రిళ్లు కూర్చుని రాసిన ఆమె కోడ్‌లో తప్పులుంటాయి. కొన్న ప్రాజెక్టు సాఫీగా నడుస్తుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఐదు నిమిషాల్లో రికార్డు తిరగేసి సంతకం పెడితే, దానికే ఎక్కువ మార్కులు పడతాయి. ఏ శ్రద్ధను మెచ్చుకుంటున్నామో దాన్నే కాలేజీ ఓడిస్తోంది.

నైతిక విలువల సెమినార్లకు పెట్టే సమయాన్ని వైవాకు ఇవ్వాలి. విద్యార్థిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "ఈ ఒక్క ఫంక్షన్ మార్చి నడిపించు" అని అడగాలి. ఒక్కొక్కరికి అరగంట పడుతుంది. అంత తీరిక లేనంతమందికి అడ్మిషన్లు ఇచ్చిన కాలేజీలను విశ్వవిద్యాలయాలు ముందు ప్రశ్నించాలి.