ఒకే వంటగది, వేర్వేరు జీతాలు

కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళిన మన ఆడవాళ్ళు అక్కడి ఇళ్ళల్లో ఫిలిప్పీన్స్, శ్రీలంక, ఇథియోపియా స్త్రీలతో కలిసి వండుతారు, పిల్లల్ని సాకుతారు. సైగలతో, వచ్చీరాని అరబ్బీతో కష్టసుఖాలు చెప్పుకుంటారు. పని ఒకటే అయినా జీతం పాస్‌పోర్టును బట్టి ఉంటుందని ఆ మాటల్లోనే తెలుస్తుంది.

దీనికి కారణం పనితనమనుకుంటే పొరపాటు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం విదేశాలకు వెళ్ళే తన ఇంటిపనివారికి నెలకు కనీసం 400 డాలర్లు ఇవ్వాలని 2006లో నిర్ణయించింది. ఇంటిపనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని మరుసటి ఏడే ధ్రువీకరించింది. మన ప్రభుత్వం ఆ ఒప్పందానికి ఓటైతే వేసింది గాని, ధ్రువీకరించలేదు.

వారానికో రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని కువైట్ 2015లో చట్టం చేసింది. ఆ సంగతి తెలియనివాళ్ళు ఏమని అడుగుతారు?

తిరిగొచ్చిన స్త్రీలను మనం ఏజెంట్ల మోసాల గురించే అడుగుతున్నాం. తోటి దేశాల స్త్రీల దగ్గర ఏం నేర్చుకున్నారో కూడా అడుగుదాం. వెళ్ళబోయేవాళ్ళకు వాళ్ళచేతే చెప్పిద్దాం. ఒప్పందాన్ని ధ్రువీకరించమని వాళ్ళతో కలిసే ప్రభుత్వాన్ని నిలదీద్దాం.