చిన్నాయన కెమెరాకు టీవీ పరీక్ష

"ఒరే, ఫోన్లో పాత సామాన్లు అమ్ముతారంట కదా. నా కెమెరా కూడా పెట్టి చూడు" అన్నాడు చిన్నాయన.

పోయిన నెల రామసముద్రం వెళ్లినప్పటి మాట ఇది. తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆయన ఇల్లు అమ్ముతానన్నా నేను ఇంత ఉలిక్కిపడేవాణ్ణి కాదు.

మా ఊరు తెలియనివాళ్లకు ఒక్క మాట. ఒక దారిలో పోతే మదనపల్లె, ఇంకో దారిలో పోతే పుంగనూరు, ఇంకాస్త అటు జరిగితే కర్ణాటక. టమోటా తోటలు, మల్బరీ తోటలు, మాటల్లో కొంచెం కన్నడం. ఈ ఊళ్లో చిన్నాయన ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపాడు. టెన్త్ హాల్‌టికెట్ మీద నా బిక్కమొహం ఆయన తీసిందే. చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు తాతలూ అవ్వలూ అయిన చాలామంది పెళ్లి ఆల్బమ్‌లు కూడా ఆయన చేతిమీదుగా వచ్చినవే. తర్వాత అందరి జేబుల్లోకీ కెమెరాలు వచ్చాయి, స్టూడియో మూతపడింది. కెమెరా మాత్రం బీరువాలో, పంచె గుడ్డలో చుట్టి ఉండేది.

అది నికాన్ ఎఫ్2. ఎనభైల్లో బెంగళూరులో ఒక పత్రికా ఫొటోగ్రాఫర్ దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. పట్టుగూళ్లు అమ్మిన డబ్బంతా దానికే పెట్టాడని నాయనమ్మ వారం రోజులు అన్నం సరిగ్గా వడ్డించలేదట. అప్పటికే ఆయన దగ్గర ఒక కెమెరా ఉంది. అది ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే సమయానికి బిగుసుకుపోయింది. "ముహూర్తం మళ్లీ వస్తాదా? ఇంకోసారి కట్టు నాయనా అని పెళ్లికొడుకుని అడగాల్నా?" అనేవాడు. ఆ పెళ్లివాళ్లకు డబ్బు తిరిగిచ్చేసి, నేరుగా బెంగళూరు బస్సెక్కాడట.

ఇప్పుడు అమ్మకం ఎందుకంటే, చెల్లెలి నర్సింగ్ కాలేజీ ఫీజు. నెలాఖరులోపు కట్టాలి. నేను ఫొటోలు తీసి, 35,000 రూపాయలు అని రాసి పెట్టాను. రెండో రోజే బెంగళూరు నుంచి ఒక కాలేజీ కుర్రాడు ఫోన్ చేశాడు. బేరమాడలేదు. ఒకటే అడిగాడు: "అన్నా, స్పీడ్‌లన్నీ కరెక్టుగా పనిచేస్తున్నాయా?"

"సూపర్‌గా ఉన్నాయి బ్రో" అనబోయాను. పక్కనే ఉన్న చిన్నాయన ఫోన్ లాక్కున్నాడు. "రెండు వేల స్పీడు నేనెప్పుడూ వాడలేదప్పా. రెండు రోజులాగు, చూసి చెప్తా."

ఆ రెండు రోజుల్లో నేను నేర్చుకున్నదే ఈ వారం సంగతి.

నికాన్ ఎఫ్ సిరీస్ 1959లో మొదలైంది. 1971లో ఎఫ్2 వచ్చింది. 1980లో వచ్చిన ఎఫ్3లో షట్టర్‌ని ఎలక్ట్రానిక్స్ నడుపుతుంది. అంటే ఈ ప్రొఫెషనల్ వరసలో షట్టర్ మొత్తం స్ప్రింగులూ గేర్లతోనే నడిచిన ఆఖరి కెమెరా ఎఫ్2.

ఎస్ఎల్ఆర్ అంటే ఏంటి? లెన్స్ వెనక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురుని అది పైనున్న గరుకు గాజు మీదికి కొడుతుంది. ఆ బొమ్మని పట్టకం తిప్పి నిటారుగా చేసి మన కంటికి చూపిస్తుంది. అంటే మన కన్నూ, ఫిల్మూ ఒకే లెన్స్‌లోంచి చూస్తాయి. ఎఫ్2లో అయితే ఫిల్మ్ మీద పడేది మొత్తం, నూటికి నూరు శాతం కంటికి కనిపిస్తుంది.

బటన్ నొక్కగానే లెన్స్‌లోని కంత మనం పెట్టిన సైజుకి ముడుచుకుంటుంది. అద్దం పైకి లేస్తుంది. ఫిల్మ్ ముందున్న మొదటి తెర పక్కకి పరుగెడుతుంది, రెండో తెర వచ్చి మూసేస్తుంది. అద్దం మళ్లీ కిందికి వస్తుంది. వీటన్నిటికీ శక్తి ఎక్కడిది? ఫిల్మ్ ముందుకు జరపడానికి మనం లివర్ తిప్పుతాం చూడండి, అప్పుడే స్ప్రింగులు బిగుసుకుంటాయి. మీ బొటనవేలే చార్జర్. అడుగున రెండు బొత్తాం బ్యాటరీలు ఉంటాయి కానీ, అవి వెలుతురు కొలిచే మీటర్‌కి మాత్రమే. అవి చచ్చిపోయినా ఫొటో పడుతుంది.

1978లో జపాన్ సాహసయాత్రికుడు నవోమి ఉఎమురా కుక్కలు లాగే బండి మీద ఒంటరిగా ఉత్తర ధ్రువానికి వెళ్లాడు. ఆయన కోసం నికాన్ ఈ ఎఫ్2నే టైటానియం ఒంటితో ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చింది. మన ఫోన్ హార్స్‌లీ హిల్స్ చలికే చార్జింగ్ దిగిపోతుంది. ధ్రువం దగ్గర బ్యాటరీని నమ్ముకుంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

సరే, మా పరీక్షకి వద్దాం. ముందు తక్కువ స్పీడ్‌లు. దీనికి నా ఫోన్ పనికొచ్చింది. లెన్స్ తీసేసి, వెనక తలుపు తెరిచి, కెమెరా ముందు లైటు పెట్టి, సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్‌లో వీడియో తీశాను. ఒక సెకను స్పీడులో షట్టర్ 240 ఫ్రేములు తెరిచి ఉండాలి. 1/8లో అయితే 30. మొదటిసారి లెక్కపెడితే దగ్గర దగ్గర 300 వచ్చింది. నా గుండె జారింది.

చిన్నాయన నవ్వాడు. "అది నిద్ర లేవాల్రా. ఏండ్ల తరబడి పండుకోనుండాది." రెండో తెర ఆలస్యంగా రావడానికి లోపల గడియారంలో లాంటి చిన్న గేర్ల వరస ఉంటుంది. వాడకపోతే దాంట్లో నూనె చిక్కబడుతుంది. ఇరవై ముప్పై సార్లు లివర్ తిప్పి నొక్కాక 250కి వచ్చింది. నూనె మార్చాల్సిన అవసరం ఉందని మాత్రం కాగితం మీద రాసుకున్నాం.

అసలు కథ ఎక్కువ స్పీడ్‌లది. ఈ షట్టర్‌లో 1/80 సెకను దాకా ఏదో ఒక క్షణంలో ఫిల్మ్ మొత్తం తెరుచుకుంటుంది. అందుకే ఫ్లాష్ కొట్టాలంటే 1/80కి మించకూడదు. ఆపైన మొదటి తెర అటు చివరికి చేరకముందే రెండో తెర బయల్దేరుతుంది. రెంటి మధ్య సన్నటి సందు మాత్రం ఫిల్మ్ మీదుగా పక్కకి జరుగుతూ పోతుంది. 36 మిల్లీమీటర్ల ఫ్రేము మీద, 1/2000లో ఆ సందు వెడల్పు దాదాపు 2 మిల్లీమీటర్లే. రెండు తెరలూ ఒకే వేగంతో పరుగెత్తాలి. వెనకది కొంచెం తొందరపడినా సందు మూసుకుపోతూ వస్తుంది, ఫొటో ఒక పక్క నల్లబడుతుంది. ఆ తెరలు పల్చటి టైటానియం రేకులు. గుడ్డ తెరలైతే ఎండలో లెన్స్ సూర్యుడి వైపు ఉండిపోతే కాలి చిల్లు పడే ప్రమాదం ఉండేది.

మన ఫోన్ కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది. సెన్సర్ వరసలు వరసలుగా బొమ్మని చదువుతుంది. తిరిగే ఫ్యాన్‌ని ఫొటో తీస్తే రెక్కలు వంకరపోవడం అందుకే.

ఇంత చిన్న టైముని నా ఫోన్ కొలవలేదు. చిన్నాయన లోపలికి వెళ్లి, దుప్పటి కప్పిన పాత డబ్బా టీవీ ప్లగ్గు పెట్టాడు. ఎల్ఈడీ టీవీ దీనికి పనికిరాదట. డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ కిరణం అడ్డంగా గీతలు గీస్తూ పైనుంచి కిందికి దిగుతుంది. మన దేశంలో వాడిన పద్ధతిలో ఒక్కో గీతకి 64 మైక్రో సెకన్లు. కాబట్టి 1/1000 సెకనులో పదిహేను, పదహారు గీతలు పడతాయి. 1/2000లో ఎనిమిది. కెమెరా వెనక నుంచి టీవీని చూస్తూ బటన్ నొక్కితే, షట్టర్ సందు పక్కకీ కిరణం కిందికీ పోతుంటాయి కాబట్టి ఒక వాలు పట్టీ తళుక్కుమంటుంది. ఆ పట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందంగా ఉంటే షట్టర్ బాగున్నట్టు.

ఫోన్‌తో వీడియో తీయబోయి నవ్వులపాలయ్యాను. ఫోన్ వరసలూ టీవీ గీతలూ కలిసి జీబ్రా చర్మంలా వచ్చింది. "కన్ను పెట్టి చూడరా" అన్నాడు.

1/500 బాగుంది. 1/1000 బాగుంది. 1/2000 నొక్కాను. పట్టీ ఒక చివర సన్నబడి దారంలా అయిపోయింది. మళ్లీ నొక్కాను. అంతే. పదిసార్లు నొక్కినా అంతే.

"చిన్నాయనా, 1/2000లో ఎవరు తీస్తారు? చెప్పకపోతే వాడికి తెలీను కూడా తెలీదు" అన్నాను. నిజం చెప్తున్నా, అన్నాను. ఫీజు గడువు నా కళ్లముందు కనిపిస్తోంది.

ఆయన కోప్పడలేదు. కెమెరాని పంచె గుడ్డలో పెడుతూ, "ఆ బెంగళూరాయన నాకు అమ్మేటప్పుడు, మీటరు ముల్లు ఒక్కోసారి వణుకుతాది, దాన్ని నమ్మొద్దు అని చెప్పి ఇచ్చినాడు. నేను ముల్లును నమ్మలేదు, మిగతాదంతా నమ్మినా. ఒక్క పెళ్లి కూడా చెడిపోలేదు. ఏది నమ్మకూడదో తెలిస్తేనే కదరా, మిగతాది నమ్మేది" అన్నాడు.

కుర్రాడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక సెకను కొంచెం నిదానం, నూనె మార్చాల. వెయ్యి దాకా బాగుండాది. రెండు వేలలో ఒక పక్క నల్లగా వస్తాది. అవతల కాసేపు మాట లేదు. రిపేరు ఖర్చు తీసేసి 29,000 ఇస్తానన్నాడు. చిన్నాయన సరేనన్నాడు. తగ్గిన ఆరు వేల కోసం ఫ్లాష్, రెండు లైటు స్టాండ్లు కూడా అమ్మేశాడు. ఫీజు కట్టేశాం.

మీ ఇంట్లో కూడా అటక మీద ఇలాంటి కెమెరా ఉంటే కొన్ని జాగ్రత్తలు. వెంటనే వెనక తలుపు తెరవకండి. పైన ఎడమవైపు ఫిల్మ్ చుట్టే గుబ్బని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. బిగువు తగిలితే లోపల ఫిల్మ్ ఉన్నట్టే, వెలుతురు తగిలిందంటే అందులోని బొమ్మలు పోతాయి. షట్టర్ తెరల మీద వేలు పెట్టొద్దు. కారిన బ్యాటరీలుంటే తీసేయండి. లివర్ కదలకపోతే బలం ఉపయోగించొద్దు. అమ్మాలనుకుంటే ముందు స్లోమోషన్ పరీక్ష చేయండి, వచ్చిన లెక్క కొనేవాళ్లకి చెప్పండి.

ఆదివారం ఆ కుర్రాడే బస్సులో మా ఊరొచ్చాడు. చిన్నాయన వాడిచేత మూడుసార్లు ఫిల్మ్ ఎక్కించి, తీయించి, మళ్లీ ఎక్కించాడు. వెళ్లేముందు వాడు మూతపడిన స్టూడియో ముందు ఆయన్ని నిలబెట్టి ఒక ఫొటో తీశాడు. ముప్పై ఏళ్లు ఊరందరినీ నిలబెట్టిన మనిషికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పది రోజుల తర్వాత ఆ ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. చిన్నాయన నా ఫోన్ తీసుకుని, తన మొహం చూసుకోకుండా, ఫొటో అంచులు పెద్దవి చేసి రెండు పక్కలా చూశాడు. "ఎంత స్పీడులో తీసినాడో అడుగు" అన్నాడు.

అడిగాను. జవాబు వెంటనే వచ్చింది: "1/250, అంకుల్. రెండు వేల జోలికి పోలేదు."