విద్యుచ్ఛక్తితో నడచు ఓడలు నమ్మదగినవేనా?

నల్లగొండ, మహబూబునగరు జిల్లాలకు సముద్రము దూరమైనను ఓడప్రయాణము నేడు మనకు దూరమైన సంగతి కాదు. 2022 జూను నెలలో విశాఖపట్టణమునకు విహారనౌక వచ్చి ప్రయాణికులను గొనిపోయెను. 2023లో అచ్చటి రేవున అట్టి నౌకలకొరకే ఒక భవనము తెరువబడెను. కావున ఈ నౌకలను నమ్మవచ్చునా యని తలిదండ్రులు ప్రశ్నించుట న్యాయమే.

నేటి పెద్ద విహారనౌకలలో పెక్కింట డీజిలు ఇంజను నేరుగా ప్రొపెల్లరును త్రిప్పదు. ఇంజనులు జెనరేటర్లను త్రిప్పును. వాటివలన పుట్టిన విద్యుత్తు మోటార్లకు పోయి ప్రొపెల్లర్లను త్రిప్పును. దీపములు, వంటశాల, చల్లగాలి యంత్రములు అన్నియు ఆ విద్యుత్తుపైననే ఆధారపడియుండును. ఈ పద్ధతి క్రొత్తది గాదు. 1935లో ప్రయాణ మారంభించిన నార్మండీ యను ఫ్రెంచి నౌకయు విద్యుత్తు మోటార్లతోనే నడచెను. ఇంజను లనేకములు గనుక ఒకటి చెడినను తక్కినవి పనిచేయును. అందుచేత నిది మిక్కిలి నమ్మదగినదని పలువురందురు. ఆ మాట నిజమే గాని, సగము నిజము.

2010 సెప్టెంబరు 23వ తేదీన క్వీన్ మేరీ 2 అను మహానౌక బార్సిలోనా రేవును సమీపించుచుండగా, విద్యుత్ప్రవాహమును చక్కపరచు ఒక కెపాసిటరు చెడి ప్రేలెను. కొలది క్షణములలో మోటార్లు నిలిచి, ఓడయంతయు చీకటి యయ్యెను. కెపాసిటరు చెడుచున్నదని ముందుగా హెచ్చరింపవలసిన సాధనము కొన్ని యేండ్లుగా పనిచేయుటలేదని విచారణలో తేలెను.

2019 మార్చి 23వ తేదీన నార్వే తీరమున, పెనుగాలిలో, 1,373 మందితో పోవుచున్న వైకింగ్ స్కై నౌక నిలిచిపోయెను. నాలుగు ఇంజనులలో ఒకటి మునుపే చెడియుండెను. తక్కిన మూడింట కందెన నూనె తగినంత లేనందున, ఓడ ఊగినప్పుడు అవియు ఆగిపోయెను. ఓడ రాళ్లవైపు కొట్టుకొనిపోవుచుండ, 400 మందికి పైగా ప్రయాణికులను హెలికాప్టర్లతో ఎత్తి కాపాడిరి. పదిమంది కన్యకల ఉపమానము నెరిగినవారికి ఈ నూనె కథ వింతగా దోచదు.

ఇట్టివి సముద్రముపైననే జరుగునని తలంపరాదు. పాత మహబూబునగరు జిల్లాలోని శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున 150 మెగావాట్ల యంత్రము లారు గలవు. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి అచ్చట నిప్పంటుకొనగా కేంద్రమంతయు నిలిచిపోయెను; తొమ్మిదిమంది పనివారు ప్రాణములు గోల్పోయిరి. యంత్రము లారైనను, అవి యున్న గుహ యొక్కటే.

కావున నా యభిప్రాయ మిది: యంత్రము లెన్ని యున్నవను ప్రశ్న చాలదు. అన్నిటిని ఒక్కసారిగా నిలుపగల దేది? అది కావలి లేక యున్నదా? ఈ ప్రశ్నలే అడుగదగినవి. అట్లని పూర్వపు పద్ధతియే మేలనరాదు. ఒకే ఇంజను గల ఓడ ఆ యింజను చెడినంతనే నిలిచిపోవును. 2010 జూలై 1వ తేదీ మొదలు నిర్మింపబడు పెద్ద ప్రయాణికుల ఓడలు, ఒక గదిలో నిప్పు పుట్టినను, నీరు చొచ్చినను, తమంతట తాము రేవు చేరగలుగవలెనని అంతర్జాతీయ నియమ మేర్పడినది. అది మంచి నియమము. అయినను వైకింగ్ స్కై ఆ నియమము వచ్చిన పిమ్మట కట్టబడిన ఓడయే గదా! నియమము నూనె పోయదు, మనుష్యుడే పోయవలెను.

విద్యార్థులారా, మీలో కొందరు విద్యుత్కేంద్రములలోను, రైళ్లలోను, ఓడలలోను పనిచేయుదురు. కన్నులార చూడని యంకెను పుస్తకములో వ్రాయకుడు. హెచ్చరిక దీపము వెలుగనియెడల, అది యెంత చిన్నదైనను, పై యధికారికి తెలుపుటకు జంకకుడు. అట్టి పనివారున్న ఓడలో మా బిడ్డలను నిర్భయముగా ఎక్కింతుము. వారు లేనిచో ఎన్ని ఇంజనులున్నను మాకు ధైర్యము చాలదు.