నీడ నుండి ఎండలోనికి



జూన్ నెల వచ్చిందంటే మన ఊళ్లలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. పొలమున్న వారు అరటి మొక్కల కోసం నర్సరీల చుట్టూ తిరుగుతారు. పదవ తరగతి దాటిన పిల్లలున్న వారు పెట్టె, పరుపు కొని హాస్టలుకు ప్రయాణమవుతారు. ఈ రెండు పనులకూ కావలసిన జ్ఞానము ఒక్కటేనని మేము చాలా ఆలస్యంగా తెలుసుకొన్నాము.

మా సంఘ సహోదరుడు ఒకరు రావులపాలెం దగ్గర అరటి నర్సరీలో పని చేస్తున్నారు. ప్రార్థన కొరకు వెళ్లిన మమ్మును ఆయన షెడ్డులన్నీ తిప్పి చూపించారు.

మన పెద్దలు అరటి తోట వేయాలంటే తల్లి చెట్టు ప్రక్కన లేచిన సూదిమొన ఆకుల పిలకలను తవ్వి తెచ్చి నాటేవారు. ఇప్పటికీ ఆ పద్ధతి ఉన్నది. అయితే పిలకతోపాటు దుంపను తొలిచే పురుగు, వేళ్లలోని నులిపురుగులు, వైరసు తెగుళ్లు కూడా క్రొత్త తోటకు వచ్చే ప్రమాదమున్నది. అందుకే గ్రాండ్ నైన్ వంటి రకాలలో టిష్యూకల్చర్ మొక్కలకు గిరాకీ పెరిగింది. ఆరోగ్యముగల పిలక మొవ్వులో నుండి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో సీసాలలో పెంచి వేలాది మొక్కలు చేస్తారు.

సీసాలోని మొక్క చూడటానికి ముచ్చటగా ఉంటుంది. దుమ్ము లేదు, పురుగు లేదు, ఎండ లేదు. అడుగున జెల్లీ వంటి పదార్థములో పంచదార, లవణములు కలిపి పెడతారు. తన ఆహారము తాను పూర్తిగా తయారు చేసుకొనే పని లేదు, అంతా వడ్డించిన విస్తరే. కాని ఆ సుఖమే దాని బలహీనత. ఆకు మీద ఉండవలసిన మైనపు పొర చాలా పలుచన. ఆకులోని సన్నని రంధ్రములకు సమయానికి మూసుకోవడం చేతకాదు. తీసుకువచ్చి నేరుగా ఎండలో పెడితే నీరంతా ఆవిరైపోయి చూస్తుండగానే వడలిపోతుంది.

అందుచేత దానిని రెండు మెట్లలో ఎండకు అలవాటు చేస్తారు. ముందుగా వేళ్లకంటిన జెల్లీని నీళ్లలో శుభ్రంగా కడుగుతారు. ఆ తీపి మిగిలితే బూజు పడుతుంది. తరువాత కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో నాటి, పొగమంచులా నీటి తుంపరలు పడే గదిలో 4 నుండి 6 వారములు ఉంచుతారు. రోజులు గడిచేకొద్దీ ఆ తేమ తగ్గిస్తారు. రెండవ మెట్టులో మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన సంచులలోనికి మార్చి, షేడ్ నెట్ క్రింద ఇంచుమించు మరి అన్ని వారములు పెంచుతారు. చివరి రోజులలో నీడ తగ్గిస్తారు, నీరు కూడా కొంచెం తగ్గిస్తారు. అడుగు ఎత్తు, 5 లేక 6 మంచి ఆకులు వచ్చిన మొక్కయే పొలానికి తగినది.

“ఒక రైతు తొందరపడి ట్రేలలో మొక్కలే పట్టుకుపోయారండి అయ్యగారూ. వద్దన్నా వినలేదు. వారం తిరక్కుండానే సగానికి పైగా మాడిపోయాయండి,” అన్నారు ఆ సహోదరుడు. “అలాగని అమ్ముడుపోక నీడలోనే ఉండిపోయిన మొక్కలూ మంచివి కావండి. కాండం సన్నగా సాగిపోద్ది, వేళ్లు సంచిలోనే చుట్టుకుపోతాయి.”

ఆ మాటలు మా గుండెలో గుచ్చుకొన్నాయి.

మా పెద్ద కుమారుని పదవ తరగతి కాగానే దూరాన ఒక కాలేజీ హాస్టలులో చేర్చాము. అప్పటివరకు వాడు ఒంటరిగా బస్సెక్కి ఎరుగడు. తన బట్టలు తాను ఉతుక్కొని ఎరుగడు. మేము లేపితే ప్రార్థనకు లేచేవాడు, చదవమంటే వాక్యము చదివేవాడు. మంచి కుర్రవాడని సంఘమంతా మెచ్చుకొంటే మేమూ అతిశయపడ్డాము. అది సీసాలోని పచ్చదనమని గ్రహించలేదు. రెండు నెలలకే చిక్కిపోయి, మాట తగ్గిపోయి ఇంటికి వచ్చాడు. సంగతి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. మోకరించినప్పుడు తోటివారు ఎగతాళి చేశారట. ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదట. “ఫోను చేసినప్పుడల్లా మీరు మార్కులే అడిగారు డాడీ,” అన్నాడు. ఆ రాత్రి మేమిద్దరము మోకాళ్ల మీద ఏడ్చాము. హాస్టలును తప్పు పట్టే ముందు మమ్మును మేము పరీక్షించుకోవలసి వచ్చింది.

తరువాత వానిని దగ్గరి కాలేజీలో చేర్చి, రోజూ బస్సులో పంపాము. నెల ఖర్చు చేతికిచ్చి లెక్క వ్రాసుకోమన్నాము. ప్రార్థనకు లేపడం మానుకొన్నాము. కొన్ని రోజులు లేవలేదు, మేము ఊరకున్నాము. ఒక ఉదయమున తానే లేచి కూర్చున్నాడు. రెండు సంవత్సరముల తరువాత డిగ్రీకి మరల హాస్టలుకు వెళ్లినప్పుడు, దేవుని కృపవలన నిలబడ్డాడు.

హన్నాను జ్ఞాపకము చేసికొందాము. మ్రొక్కుకొన్నది గనుక బిడ్డను వెంటనే ఇచ్చివేయలేదు. పాలు మాన్పించు వరకు తన దగ్గరనే ఉంచుకొన్నది. షిలోహులో విడిచిన తరువాత మరచిపోనూ లేదు. ఏటేట చిన్న అంగీ ఒకటి కుట్టి తీసుకొని వెళ్లేది. ఏలీ కుమారుల దుర్మార్గత నడుమనే సమూయేలు దేవుని స్వరము విన్నాడు.

తల్లిదండ్రులారా, మొక్క నాటే రోజు రైతును గమనించండి. ఎండ తగ్గిన సాయంత్రము చూసుకొంటాడు. సంచి కోస్తాడు గాని వేళ్లచుట్టూ ఉన్న మట్టిముద్ద విడిపోనివ్వడు. వెంటనే నీరు పెడతాడు, మర్నాడు మరల వచ్చి చూస్తాడు. మన పిల్లలకు ఆ మట్టిముద్ద ఇంటి ప్రేమ, నేర్చుకొన్న వాక్యము. అది చెదరకుండా పంపుదాము. ఫోనులో మార్కులకంటె ముందు “ఎలా ఉన్నావు, తిన్నావా” అని అడుగుదాము. ఈ సంవత్సరము బిడ్డ సిద్ధముగా లేకపోతే, ఒక సంవత్సరము దగ్గర ఉంచుకొన్నందువలన నష్టము లేదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో 1 సమూయేలు 1, 2 అధ్యాయములు చదవండి. ప్రభువా, ఎంత నీడ ఉంచవలెనో, ఎప్పుడు తీయవలెనో తెలిసికొను జ్ఞానము మాకు దయచేయుము. ఆమేన్.