మెరిసే పూత చెక్కను కాపాడదు

ఆరుబయట చెక్కకు పూత ఎంత మందంగా ఉంటే, ఎంత నిగనిగలాడితే అది అంతకాలం నిలుస్తుందని చాలామంది నమ్మకం. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు పెరట్లో చెక్క పలకలతో వేసే డెక్‌కు, మన ఊళ్లలో ఇల్లు కట్టుకున్నవాళ్లు టేకు సింహద్వారానికి ఈ లెక్కతోనే అద్దంలాంటి పూత కోరుకుంటారు. హాల్లో వేసుకున్న బల్లకు ఆ లెక్క చెల్లుతుంది. ఎండకు ఎండి, వానకు తడిసే చెక్కకు చెల్లదు సరికదా, చేటు చేస్తుంది.

చెట్టు కొట్టి పలక కోసినా చెక్క కదలడం ఆపదు. తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుపోతుంది. అమెరికా డెక్‌లకు ఎక్కువగా వాడే సదరన్ పైన్ పలక వెడల్పు సుమారు 140 మిల్లీమీటర్లు. దానిలో తేమ పది శాతం మారితే వెడల్పు రెండు నుంచి మూడున్నర మిల్లీమీటర్ల దాకా మారుతుంది. పైన గట్టిపడిన వార్నిష్ పొర అంతగా సాగలేదు. స్క్రూల చుట్టూ, పలకల కొసల దగ్గర సన్నగా పగులుతుంది. ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి, కానీ పైన పొర మూసి ఉండటంతో త్వరగా ఆరిపోవు. తేమ ఇరవై శాతం లోపు ఉన్నంతకాలం చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రం పెరగలేదు. అది దాటి, ముప్పై శాతం దగ్గరకు చేరి అక్కడే నిలిస్తే దానికి పండగే. పై పొర మెరుస్తూనే ఉంటుంది, కింద చెక్క పుచ్చిపోతుంటుంది.

ఎండ చేసే పని వేరు. అతినీలలోహిత కిరణాలు పారదర్శకమైన పూతలోంచి దూరి, చెక్క నారను పట్టి ఉంచే లిగ్నిన్‌ను విడగొడతాయి. పూత అంటుకోవలసిన పై నారే ఊడివస్తే పూత ఎంత ఖరీదైనదైనా నిలవదు. ఊడిన వార్నిష్ పెచ్చును తిరగేసి చూస్తే అడుగున చెక్క పొడి అంటుకుని కనిపిస్తుంది.

పడవలకు వార్నిష్ వేస్తారు కదా అని అడగవచ్చు. వేస్తారు. ఏడెనిమిది పొరలు వేసి, ఏటా గీకి మళ్లీ వేస్తారు. ఆ పూత మీద రోజూ చెప్పుల కాళ్లు తిరగవు, కుర్చీలు ఈడ్చరు. అంత ఓపిక పెరటి డెక్ విషయంలో ఎవరికీ ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

అసలు మెరిసే పూత మీద ఈ నమ్మకానికి మూలం రంగు మారడాన్ని నాశనంగా భావించడం. అమెరికా ప్రభుత్వం 1910లో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో నెలకొల్పిన ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ లెక్క ప్రకారం, నిటారుగా నిలిపిన మెత్తరకం చెక్క ఏ పూతా లేకుండా ఎండవానల్లో ఉంటే అరిగేది నూరేళ్లకు సుమారు ఆరు మిల్లీమీటర్లు. ఎండకు చెక్కకు వచ్చే బూడిద రంగు చూపుకు ఇంపుగా లేకపోవచ్చు, చెక్క బలానికి దానితో వచ్చిన లోటు మాత్రం చాలా తక్కువ. బర్మాలో మాండలే దగ్గర ఉన్న ఊ బెయిన్ వంతెన 1850 ప్రాంతంలో టేకుతో కట్టింది. దాని నిలువు దుంగలు చాలావరకు పాతవే, వార్నిష్ ఎరుగనివే. చెక్కను కొన్నేళ్లలోనే మింగేది నిలిచిన తేమ, ఎండ కాదు.

కనుక ఆరుబయట చెక్కకు కావలసింది పైన గట్టి పొరగా నిలవకుండా లోపలికి ఇంకే నూనె స్టెయిన్. ఇలాంటిదే ఒకటి 1950లలో మాడిసన్ ప్రయోగశాలలో రూపొందింది. ఇందులోని ఇనుప ఆక్సైడ్ రంగు పొడి ఎండను అడ్డుకుంటుంది, నూనె నీరు ఇంకడాన్ని తగ్గిస్తుంది. రంగు పొడి లేని పారదర్శక ద్రవాలు నీటిని కొంతకాలం ఆపుతాయి, ఎండను ఆపలేవు. చెక్క తాగినంత పట్టించి, మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే అది మళ్లీ పొరగా మారి జిడ్డుగా నిలుస్తుంది. ఈ పూత రెండు మూడేళ్లలో అరిగిపోతుంది, నిజమే. కానీ పెచ్చులూడదు. కడిగి, ఆరబెట్టి, మళ్లీ వేస్తే చాలు. వార్నిష్‌నైతే మొత్తం గీకి తీయాలి. ఏది ఎక్కువ ఖర్చో అప్పుడు తెలుస్తుంది.

కొత్త డెక్‌ను ఏడాదిపాటు ఎండకు వదిలేశాకే స్టెయిన్ వేయాలన్నది మరో మాట. తేమ ఆరేదాకా ఆగడం సబబే, క్యాలెండర్ చూసి ఆగడం కాదు. పలక మీద నీళ్లు చల్లి చూస్తే చాలు. ఇంకిపోతే పలక సిద్ధం, పూసలుగా నిలిస్తే ఇంకొన్ని వారాలు ఆగాలి. అనవసరంగా ఏడాది ఆగితే పై నార చెడి, పలక నెర్రెలిస్తుంది.

పీడనంతో మందు ఎక్కించిన చెక్కకు ఏమీ అక్కర్లేదనే వాదన కూడా సగమే నిజం. ఆర్సెనిక్ కలిసిన మందును అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ల వాడకం నుంచి తప్పించారు. ఇప్పుడు వాడే రాగి మందులు శిలీంధ్రాన్ని, చెదను ఆపుతాయే గాని చెక్క ఉబ్బడాన్నీ చీలడాన్నీ ఆపవు. మందు పలక మధ్యదాకా దిగకపోవచ్చు, అందుకే రంపంతో కోసిన కొసలకు కాపర్ నాఫ్తనేట్ అనే రాగి మందు పూయాలి. ఈ పని చాలాచోట్ల ఎగ్గొడతారు.

నూనె పూతలకున్న అసలు ప్రమాదం చాలామంది దృష్టికి రాదు. అవిసె నూనె వంటివి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డల్ని కుప్పగా పడేస్తే అవి వాటంతటవే అంటుకోవచ్చు. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజాను కాల్చి, ముగ్గురు అగ్నిమాపక సిబ్బందిని బలిగొన్న మంట అలాంటి గుడ్డలతోనే మొదలైంది. వాడిన గుడ్డల్ని విడివిడిగా పరచి ఆరవేయాలి, లేదా నీళ్లున్న డబ్బాలో వేసి మూత పెట్టాలి.

పూత విషయంలో సింహద్వారానికీ డెక్ సూత్రమే వర్తిస్తుంది. లోతైన వరండా నీడలో ఉన్న తలుపుకు పీయూ (పాలీయురేథేన్) పాలిష్ నిలుస్తుంది, వాన నేరుగా కొట్టే తలుపుకు నూనే మేలు. ఏ పూత ఎంచుకున్నా, చెక్క నిలువు నార తెగిన కొస పక్కవైపు కంటే ఎన్నో రెట్లు వేగంగా నీరు తాగుతుంది. అలాంటి కొసలుండే అడుగు అంచు తలుపు బిగించాక చేతికి అందదు. ఇల్లు కట్టేవాళ్లు తలుపు బిగించకముందే వడ్రంగి చేత ఆ అంచుకు పూత పట్టించాలి.